ఏడు నిమిషాల భోజనం

ఆ గదిలో ఉన్నవి ముప్పైనాలుగు గొడుగులు, పదకొండు టిఫిన్ బాక్సులు, ఒక కట్టుడుపళ్ల సెట్టు, ఎవరిదో ఎడమకాలి బూటు, వీటన్నిటి మధ్యా కుర్చీలో ఇరుక్కుని ఒక డ్రైవరు. గొడుగుల కోసమైనా అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వచ్చి, అదిగో ఆ నల్లది, పిడి విరిగింది చూడండి, అని ఆనవాలు చెప్పి పట్టుకుపోయేవారు. డ్రైవరు మాత్రం నాలుగు నెలలుగా అక్కడే ఉన్నాడు.

ప్రయాణికులు బస్సుల్లో మర్చిపోయిన సామానంతా ఆ గదికే చేరుతుంది. ఒక్కోదానికి చీటీ కట్టి, ఏ రూటు, ఏ తేదీ అని రాసి అరలో పెట్టడం అతని పని. ఇరవై రెండేళ్లు తొమ్మిదో నంబరు బస్సు తోలిన చేతులకి ఆ చీటీ దారం ఒక పట్టాన ముడిపడేది కాదు. ముడి జారిపోయినప్పుడల్లా డిపో డాక్టరుని మనసులో నాలుగు తిట్టుకునేవాడు. షుగరు మాత్రలకి లొంగక ఇన్సులిన్ మొదలుపెట్టిన వారంలోనే ఆ డాక్టరు ఫారం మీద సంతకం గీకేశాడు. ఇన్సులిన్ మీదున్న మనిషి ప్రయాణికుల బస్సు తోలకూడదని అక్కడి నిబంధన. నూట ముప్పై ఎనిమిది కిలోల మనిషిని స్టీరింగు ముందు నుంచి లేపి గొడుగుల మధ్య కూలేయడానికి అర పేజీ కాగితం సరిపోయింది.

పన్నెండు నలభైకి తొమ్మిదో నంబరు వచ్చి ఆగింది. కిటికీలోంచి చూడక్కర్లేదు, చెవులకే తెలిసిపోతుంది. రెండో గేరు వెయ్యాల్సిన మలుపులో మూడు వేసి, ఇంజన్ని ఏడిపించి మరీ తెచ్చాడు కొత్త డ్రైవరు. నా తల్లే, ఎంత కష్టమొచ్చిందే నీకు, అనుకున్నాడు ఇతను. తర్వాత ఉండబట్టలేక చూశాడు. కొత్తాయనా, కండక్టరూ బానెట్ మీద బాక్సులు తెరిచి నిలబడే తింటున్నారు. నమలడమన్నది లేదు. నోట్లో పెట్టుకోవడం, నీళ్లు పోసి కిందకి తోసెయ్యడం. కళ్లు మాత్రం గోడ గడియారం మీద. భోజనానికి ఏడు నిమిషాలు. ఒకప్పుడు పావుగంట ఉండేది. ఒక ట్రిప్పు పెంచినప్పుడు పది నిమిషాలైంది, ఇంకో ట్రిప్పు పెంచాక ఏడైంది, దారిలో ఆలస్యమైతే ఆ ఏడులోనే కోత. ఇందులో డ్రైవరుకి వింతేమీ కనిపించలేదు. అతనూ ఇరవై రెండేళ్లు అలాగే మింగాడు, మూడింటికల్లా నీరసమొస్తే సీటు పక్కనున్న బిస్కెట్లు గుప్పెళ్లతో లాగించాడు, ఇంటికెళ్లి పగటి తిండి కూడా కలిపి తిన్నాడు.

కండక్టరు మూతి తుడుచుకుంటూ కిటికీ దగ్గరకొచ్చాడు. పదహారేళ్లు ఒకే బస్సులో తిరిగి, చుట్టరికం లేకపోయినా బావా బావా అని పిలుచుకునే మనుషులు వాళ్లిద్దరూ. బరువు తగ్గించే ఆపరేషను రేపే కదా అని అడిగాడు. డబల్ డెక్కరు సింగిల్ అవుతుందా, లేక పైకప్పు మాత్రమే లేస్తుందా అని మెకానిక్కులు అప్పుడే పందేలు కాస్తున్నారని కూడా చెప్పాడు. డబల్ డెక్కరంటే ఇతనే. ఆ పేరు పెట్టింది ఈ బావే. ఆ సంగతి డ్రైవరు భార్యకి ఇంకా తెలియదు, తెలిసిన రోజున ఆ ఇంట్లో కండక్టరుకి మంచినీళ్లు కూడా పుట్టవు.

"భయంగా ఉందా బావా?" అన్నాడు కండక్టరు గొంతు తగ్గించి.

"నాకు సూదంటే భయం. కత్తిదేముంది, అప్పుడు మత్తులో ఉంటాంగా."

ఏడు నిమిషాలూ అయిపోయాయి. కండక్టరు పరుగెత్తాడు.

వెంటనే అక్క నుంచి ఫోనొచ్చింది. అక్కకి తమ్ముడంటే ప్రాణం, కాకపోతే ఆ ప్రేమ తిట్ల దారిలోనే బయటికొస్తుంది. మన ఇంట్లో లావుపాటివాళ్లు లేరా, అమ్మకి షుగరు లేదా, నాకు లేదా, ఎవరైనా ఇలా ఒళ్లు కోయించుకున్నారా, రేపు నలుగురిలో ఏమని చెప్పుకోవాలి, అని ఒక్కొక్కటే ఏకరువు పెట్టి చివరికి అసలు మాట అనేసింది.

"నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంటావట్రా?"

కాలేయం కాస్త కుదించుకుంటేనే లోపల చెయ్యి ఆడుతుందని సర్జన్ చెబితే, రెండు వారాలుగా పాలూ సూపులూ తప్ప నోట పెట్టలేదు, ఆ సంగతి చెప్పాలనిపించింది. చెప్పలేదు. సన్నబడితే సరే, సన్నబడకపోయినా సరే. ఇన్సులిన్ వదిలి స్టీరింగు ముందు మళ్లీ కూర్చోవాలి, అంతే అతని కోరిక. అది అక్కకి చెబితే, స్టీరింగు కోసం ప్రాణం మీదకి తెచ్చుకుంటావా అని ఇంకో అరగంట వాయిస్తుంది.

ఆపరేషను మూడు గంటలు పట్టింది. తెలివొచ్చి చూసుకుంటే పొట్టమీద అయిదు చిన్న గాట్లు, వాటి మీద అయిదు పట్టీలు. ఇంతేనా అని కొంచెం నిరుత్సాహపడ్డాడు కూడా. ఆ సాయంత్రమే నర్సు అతన్ని లేపి వరండాలో నడిపించింది. మర్నాడు సర్జన్ వచ్చింది. అతని భుజం ఎత్తు కూడా లేని మనిషి, అన్నీ బొమ్మ గీసి చెప్పడం ఆమె అలవాటు. పొట్టలో పైభాగాన్ని కోడిగుడ్డంత సంచిగా విడదీశామనీ, పేగుని కింద నుంచి తెచ్చి ఆ సంచికి కలిపామనీ, ఇక తిన్నది పాత పొట్టలోకి పోకుండా తిన్నగా కిందకి దిగుతుందనీ కాగితం మీద గీత గీసి చూపించింది.

"అంటే బండి ఊళ్లోకి పోకుండా బైపాస్ మీద పోతుందన్నమాట" అన్నాడు డ్రైవరు.

అంతేననీ, ఆపరేషను పేరు కూడా అదేననీ ఆమె నవ్వింది.

మధ్యాహ్నం నర్సు చిన్న కప్పులో రెండు గుక్కల నీళ్లు తెచ్చింది. అది చూడగానే అతను చొక్కా పైకి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని, గోడవైపు తిరిగిపోయాడు. నాలుగు నెలలుగా తిండికి ముందు జరిగే తంతు అదే. ఇంట్లో అయితే భార్య సిరంజి పట్టుకోగానే స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకునేవాడు, ఆవిడ తలుపు బాది బయటికి లాగేది. ఇక్కడ పారిపోవడానికి కుదరదు కాబట్టి ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. సూది రాలేదు. కళ్లు తెరిస్తే నర్సు ఎప్పుడో వెళ్లిపోయింది. భార్య లోపలికొచ్చి, చొక్కా ఎత్తుకుని ఆ ప్రదర్శన ఏమిటని అడిగింది.

"సూది మర్చిపోయారే. పిలు, పిలు" అన్నాడు కంగారుగా.

నర్సు మళ్లీ వచ్చి, ఇందాక వేలు గుచ్చి చూస్తే షుగరు నూట నలభై రెండే ఉందనీ, ఇన్సులిన్ అక్కర్లేదనీ చెప్పింది. అతను నమ్మలేదు. ఆ వేలు మొద్దుబారిపోయింది, ఇంకో వేలు చూడమన్నాడు. సూదంటే ఆమడ దూరం పరుగెత్తే మనిషి అడిగి మరీ రెండో వేలు గుచ్చించుకున్నాడు. నూట ముప్పై తొమ్మిది. మిషను పాతదేమో అన్నాడు. కొత్త మిషను తెచ్చారు. సాయంత్రానికి నూట ముప్పై ఒకటి. ఆసుపత్రివాళ్లు ఏదో దాస్తున్నారు, నువ్వు చాటుగా కనుక్కో అని భార్యని తరిమాడు. ఆవిడ కనుక్కుని వచ్చి, దాచిందేమీ లేదట అంటూ మంచం చివర కూర్చుంది. మూడో రోజు పొద్దున నూట పద్దెనిమిది.

అప్పుడు సర్జనే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. బరువు తగ్గడానికి నెలలు పడుతుంది గానీ, పేగు దారి మారగానే చాలామందిలో షుగరు రోజుల్లోనే దిగుతుందని చెప్పింది. అందరికీ ఇలా దిగదు, దిగినా కొన్నేళ్లకి తిరిగి రావచ్చు, అందుకని పరీక్షలు మానకూడదు, విటమిన్ మాత్రలు బతికినంతకాలం వేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి భోజనానికీ అరగంట పట్టాలి, ప్రతి చెంచానీ ఇరవైసార్లు నమలాలి. ఆమె చాలా చెప్పింది. అతనికి వినబడింది ఒక్కటే, ఇన్సులిన్ వద్దు. అంత మనిషీ నర్సు ముందూ, పక్క మంచం వాళ్ల ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య ఇంటి నుంచి తెచ్చిన ఇన్సులిన్ సంచీని ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక అలా పట్టుకునే ఉంది.

పదిహేనో రోజున మెత్తటి తిండి మొదలుపెట్టొచ్చన్నారు. భార్య ఒక గుడ్డు ఉడికించి, పాలు పోసి, వేలికి కూడా తగలనంత మెత్తగా మెదిపి చిన్న గిన్నెలో నాలుగు చెంచాలంత పెట్టింది. పొయ్యి కట్టేసి వద్దామని వెనక్కి తిరిగింది. కట్టేసి వచ్చేసరికి గిన్నె ఖాళీ. ఆకలి కూడా లేదు అతనికి. ముందు గిన్నె కనబడింది, కళ్లు గోడ గడియారం మీదకెళ్లాయి, మిగతాదంతా చెయ్యే చేసుకుపోయింది. ఆ తర్వాత ఛాతీ మధ్యలో రాయి కూర్చున్నట్టయింది. ఒళ్లంతా చెమట. నోట్లో నీళ్లు ఊరి ఊరి, తిన్నదంతా బయటికొచ్చేదాకా ప్రాణం కుదుటపడలేదు.

ఫోనులో సర్జన్ ఎంతసేపట్లో తిన్నారని అడిగింది. అయిదు నిమిషాలని చెప్పాడు. వెనక నుంచి భార్య, అర నిమిషం డాక్టరుగారూ, అని అరిచింది. మర్నాడు జాగ్రత్తగానే మొదలుపెట్టాడు, రెండో చెంచా తర్వాత చెయ్యి మళ్లీ తన దారి తను చూసుకుంది. మళ్లీ వాంతి. ఇదే వరస అయితే ఒంట్లో నీళ్లు ఇంకిపోయి మళ్లీ ఆసుపత్రిలో పడతారని సర్జన్ ఈసారి గట్టిగానే హెచ్చరించింది. మూడో రోజు అతను అసలు గిన్నె ముట్టుకోనన్నాడు. భార్యకి ఒళ్లు మండిపోయింది. తింటే వాంతి, లేకపోతే నిరాహారదీక్ష, మధ్యలో మనుషుల్లా తినడమన్నది మీకు రాదా అని కడిగేసింది. రాదు. నిజంగానే రాదు. నేర్పినవాళ్లు లేరు, నేర్చుకునే తీరికా లేదు. నలభై తొమ్మిదేళ్ల వయసులో తిండి తినడం రాదని ఒప్పుకోవడానికి సిగ్గేసి అతను గిన్నె పక్కకి తోశాడు.

ఆ మధ్యాహ్నం సెలవుపూట చూసిపోదామని కండక్టరు వచ్చాడు. భార్య జరిగిందంతా చెప్పింది. అతను నవ్వలేదు. గోడ గడియారం దింపి సోఫా మీద బోర్లా పెట్టాడు. బల్లకి అటుపక్క కూర్చున్నాడు.

"బావా, పదహారేళ్లలో నేను బెల్లు కొట్టకుండా బండి కదిల్చావా ఎప్పుడైనా?"

"లేదు."

"అయితే కానీ. ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే కదులు."

డ్రైవరు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. కండక్టరు వేలి కణుపుతో బల్ల మీద ఒకటి కొట్టాడు. చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. దవడలు మాత్రం ఆడుతున్నాయి. కండక్టరుకి తొందరేమీ ఉన్నట్టు లేదు, కిటికీలోంచి వీధి చూస్తూ, ఎదురింటివాళ్లు కారు ఎప్పుడు కొన్నారని అడిగి, డ్రైవరు భార్య చెప్పింది తీరిగ్గా విన్నాడు. తర్వాత రెండు కొట్టాడు. ఇంకో చెంచా. ఒకటి. ఒకసారి చెయ్యి తొందరపడి గిన్నెవైపు జారితే, ఒకటి గట్టిగా కొట్టి, దిగేవాళ్లున్నారు బావా, అన్నాడు. భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అరగంటకి మూడు చెంచాలు అయ్యాయి. నాలుగోది ముందున్నా అతను చెయ్యి తీసేశాడు.

"చాలు" అన్నాడు. ఆ మాట తనే అన్నాడా అన్నట్టు ఇద్దరినీ చూశాడు. ఆపైన, ఇందులో ఉప్పు తక్కువైందన్నాడు.

పెళ్లయిన ఇరవై నాలుగేళ్లకి ఇవాళ నా వంట రుచి చూశారన్నమాట, అంది భార్య. కోపంగా అందామనుకుంది గానీ కుదరలేదు.

వెళ్లేముందు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ కండక్టరు ఆగిపోయాడు. బస్సెక్కాక ఈ అరగంట ఎక్కణ్ణుంచి తెస్తాం బావా, అన్నాడు.

మూడో నెల నడుస్తుండగా డిపో డాక్టరు మళ్లీ పరీక్షించాడు. ఇరవై తొమ్మిది కిలోలు తగ్గాడు. ఇన్సులిన్ లేదు, షుగరు మూడు నెలల సరాసరి కూడా అదుపులో ఉంది. ఈసారి ఫారం మీద పనికొస్తాడని రాశాడు. ఈ లోపల అక్క ఒకసారి చూడటానికొచ్చి, రిపోర్టులన్నీ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, సర్జన్ నంబరు రాసుకెళ్లింది. పక్కింటావిడ కోసమని చెప్పింది. పక్కింటావిడ కర్రపుల్లలా ఉంటుందని అందరికీ తెలుసు.

ఇక మిగిలింది మేనేజరు సంతకం. సర్జన్ ఇచ్చిన ఉత్తరంలో రెండు పేరాలున్నాయి. షుగరు బాగుందని మొదటిది, ప్రతి భోజనానికీ అరగంట తప్పనిసరి అని రెండోది. రెండోది మడిచేసి మొదటిది ఒక్కటే చూపించు బావా అని కండక్టరు సలహా చెప్పాడు. మధ్యాహ్నం పాలు తాగి గడిపేద్దువుగాని, ఎవడు చూడొచ్చాడు? డిపోకి ప్రయాణికుడిలా బస్సులో వెళుతూ డ్రైవరు దారంతా ఆ ఉత్తరాన్ని మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. మడిస్తే స్టీరింగు ఇవాళే దొరుకుతుంది. కానీ తన చెయ్యి సంగతి తనకి తెలుసు. గోడ గడియారం, ఏడు నిమిషాలు, ముందు తెరిచిన బాక్సు కనబడితే అది ఎవరి మాటా వినదు. వెనక నలభైమందిని కూర్చోబెట్టుకుని ఛాతీలో రాయితో బండి ఎలా నడపాలి? ఉత్తరాన్ని విప్పే ఇచ్చాడు.

మేనేజరు చెడ్డవాడేం కాదు. మొదటి పేరా చదివి సంతోషంగా లేచి చెయ్యి కలిపాడు. రెండోది చదివి మళ్లీ కూర్చున్నాడు. తొమ్మిదో నంబరులో అరగంట కుదిరే పని కాదన్నాడు. ఒంట్లో బాగోని మనిషివి, ఆ గదిలో నీడపట్టున ఉన్నావు, ఆ కుర్చీకేమైందయ్యా అని బుజ్జగించాడు.

"ఆ కుర్చీలో నాకు ముందు ఎవరున్నారు సార్?" అన్నాడు డ్రైవరు.

మేనేజరు గుర్తు తెచ్చుకుని చెప్పాడు. చూపు మందగించి రిటైరైపోయిన ఒక డ్రైవరు.

"మరి గేటు దగ్గర కూర్చునేది? ఎంక్వయిరీలో? డీజిల్ పంపు దగ్గర? టైర్ల గదిలో?"

మేనేజరు వద్దనుకుంటూనే వేళ్లు మడిచాడు. నలుగురు. నలుగురూ షుగరు వచ్చి స్టీరింగు వదిలినవాళ్లే, నలుగురూ తొమ్మిదో నంబరు వాళ్లే. రిటైరైనాయన్ని వదిలేసినా, ఇతనితో అయిదు.

"అమ్మానాన్నల నుంచి వచ్చేది ఉంటుంది సార్, కూర్చునే ఉద్యోగం, అదీ ఉంటుంది. ఏడు నిమిషాలే కారణమని నేననను. కానీ అయిదుగురమూ నోరు కట్టుకోలేనివాళ్లమేనంటారా?"

మేనేజరు మడిచిన వేళ్లు విప్పకుండా బెల్లు కొట్టి టైమ్‌కీపరుని పిలిపించాడు. బస్సుల వేళలన్నీ రంగు పెన్సిళ్లతో చార్టు మీద గీసే మనిషి ఆవిడ. మధ్యాహ్నం ఈ ఒక్కడి బండికి అరగంట ఇవ్వగలమా అని అడిగాడు. ఇవ్వలేమంది. డిపో గోడకీ షెడ్డుకీ మధ్య బస్సులు నిలిచే సందు ఒకటే, ముందు బండిని దాటుకుని వెనక బండి పోలేదు. ముందున్నది అరగంట ఆగితే వెనకవన్నీ అరగంట ఆగాల్సిందే. ఇస్తే రూటు మొత్తానికి ఇవ్వాలి, లేదా ఎవరికీ లేదు.

ఉత్తరం మడిచి ఇవ్వాల్సిందేమో అనుకున్నాడు డ్రైవరు. గొడుగులూ దారం ముడులూ కళ్లముందు కదిలాయి.

"రూటులో ఇంకో బస్సు వేస్తే అందరికీ సరిపోతుంది సార్. షెడ్డులో ఒకటి ఖాళీగానే ఉంది" అంది టైమ్‌కీపరు. సొరుగులోంచి ఒక చార్టు తెచ్చి బల్ల మీద పరిచింది. అంచులు పసుపుబారిపోయి ఉన్నాయి. "మూడేళ్ల కిందటే గీసి పెట్టాను. ఎవరూ అడగలేదు."

మేనేజరు గీతల వెంట వేలితో చాలాసేపు ప్రయాణం చేశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. బస్సుంటే సరా, తోలేవాడేడీ, ఉన్నవాళ్లే చాలక చస్తున్నాను కదమ్మా, అన్నాడు చివరికి.

ఆవిడ పెన్సిలు డ్రైవరు వైపు చూపించింది.

నెల రోజులు చూద్దాం, అన్నాడు మేనేజరు. కలం కోసం జేబులు తడుముకుంటుంటే ఆవిడ తన పెన్సిలే ఇచ్చింది. పెన్సిలుతో సంతకమేంటని విసుక్కుని, కలం వెతికి తీసి మరీ పెట్టాడు.

సోమవారం పొద్దున షెడ్డులోని బస్సు కడిగించి బయటికి తీశారు. డ్రైవరు ఎక్కి కూర్చుంటే కాళ్లు పెడళ్లకి అందలేదు. సీటు ఇన్నేళ్ల అలవాటు కొద్దీ షెడ్డువాళ్లు తన పొట్ట కోసం వెనక్కి జరిపి ఉంచారు, ఇవాళ ముందుకి లాక్కోవాల్సి వచ్చింది. స్టీరింగుకీ తనకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఒకసారి చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఎవరైనా చూశారేమోనని అద్దంలో చూసి, ఆనక ఇంజన్ తిప్పాడు. మలుపు దగ్గర రెండో గేరులోకి అది వెన్నలా జారింది.

పన్నెండు నలభైకి సందులో మూడు తొమ్మిదో నంబరు బస్సులు వరసగా నిలబడ్డాయి. ముగ్గురు డ్రైవర్లు, ముగ్గురు కండక్టర్లు ప్రహరీ నీడలో బల్లమీద సర్దుకున్నారు. కూర్చుని తినడం కొత్త, ఎవరి మోచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఇతను చిన్న డబ్బా తెరిచి, చెంచాడు నోట్లో పెట్టుకుని, చెంచా కింద పెట్టి నమలసాగాడు. మిగతావాళ్లు అలవాటు కొద్దీ ఏడు నిమిషాల్లో బాక్సులు ఖాళీ చేసి, చేతులు కడిగేసుకుని, లేవబోయి మళ్లీ కూర్చున్నారు. ఎక్కడికని లేస్తారు? ఒకాయన తుడిచిన అద్దమే మళ్లీ తుడిచొచ్చాడు. ఇంకొకాయన జేబులో తాళంచెవి తడుముకున్నాడు. మూడో గేరు కొత్త డ్రైవరు, అప్పుడప్పుడే పొట్ట ముందుకొస్తున్న మనిషి, గడియారం చూసి, ఇతన్ని చూసి, మళ్లీ గడియారం చూశాడు.

"ఇంకా ఇరవై మూడు నిమిషాలున్నాయన్నా. ఏం చెయ్యమంటావ్?"

డ్రైవరు నోట్లో ఉన్నది పూర్తిగా అయ్యేదాకా జవాబు చెప్పలేదు.

"నములు" అన్నాడు.

"బాక్సు ఖాళీ అయిపోయిందన్నా."

"అయితే రేపు నములు."